కోడలి చెవికే చెప్పే కథ

సింగానల్లూరు, మిల్లు లైను ఇళ్ళు
1956, ఆడి నెల

మదురై అరప్పాళయంలో ఉంటున్న నా కూతురి కూతురు తిలకవతికి చెప్పి రాయించేది.

నా పేరు రక్కమ్మాళ్. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్ళు నాకంటే ముందే పోయారు. కారమడై పక్కన చేలున్న ఇంటికి కోడలిగా వచ్చాను. ఆ చేలు పోయాక మొగుడి వెంట ఈ మిల్లు లైనుకు వచ్చాను. మొగుడూ పోయాడు. కూతురు పళనియమ్మాళ్, అంటే నిన్ను కన్నది, నిన్ను నా ఒళ్ళో పెట్టి అదీ పోయింది. మిగిలింది కొడుకు గోవిందన్, స్పిన్నింగులో పని. వాడు కట్టుకొచ్చిన పిల్ల ఒకతి, దారం చుట్టే రీలింగులో పని. ఒక పొయ్యి, ఒక మేక. ఇదీ నా సంసారం.

నాకు అక్షరం రాదు. అక్షరం రాదు గనక ఒకసారి అన్న మాట మార్చడం కూడా రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది ఆ కట్టుకొచ్చిన పిల్లే, జోతిమణి. ఒట్టన్‌చత్రం సంతలో కూరగాయల మూటలెత్తే ఇంటి తమిళ పిల్ల. మన తెలుగు మాట దానికి రాదు. చెవిలో ఎట్లా పడితే అట్లా తమిళ అక్షరాల్లో పెడుతుంది. నువ్వూ తమిళ బడిలో చదివినదానివే కదా, నోరు తెరిచి గట్టిగా చదువుకో, నా గొంతే వినపడుతుంది. దానికి ఒక్క ముక్కా అర్థం కాదు కాబట్టి నేను మొహమాటపడకుండా చెప్తాను.

నా వ్యాజ్యం ఇది. పోయిన మాసి నెలలో మన ఇంటి అమ్మ కొలుపుకు నువ్వు వచ్చావు. భక్తితో వచ్చావనుకున్నాను. పొయ్యి పక్కన కాగితాలు పరుచుకుని కూర్చున్నావు. నేను పాడుతుంటే నువ్వు గీశావు. చిన్నప్పటి ఆటే అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు మదురై నుంచి వచ్చినవాళ్ళు చెప్తున్నారు, అదంతా పుస్తకం చేస్తున్నావట. మన నది, మన కానుగ చెట్లు, దీపం పట్టుకున్న మన పిల్ల, అన్నీ అందులో ఉన్నాయట. సంక్రాంతి వచ్చే తై నెలలో ఒక హాలులో బల్ల మీద పెడితే దారిన పోయేవాడల్లా చూసి పోతాడట. ఎవరిని అడిగావు? మేకను దొంగిలిస్తే కట్టుతాడైనా మిగులుతుంది. పాటను దొంగిలిస్తే ఏం మిగులుతుందే?

ఇంకో మాట. మేనమామ గోవిందన్ ఉండగా పెళ్ళి వద్దన్నావు. మేనరికం మురై ప్రకారం నువ్వు ఈ ఇంటికి కోడలిగా రావలసినదానివి. వచ్చి ఉంటే, నది దాకా అందరి ముందూ పాడే ఆ కథ చివర ఏమైందో నీ చెవిలో నేనే పోసేదాన్ని. ఆ చివర అత్త నోటి నుంచి కోడలి చెవికే పోవాలి. కూతురికి లేదు, కూతురి కూతురికి అంతకన్నా లేదు. రానన్నదానికి పాట ఎందుకు?

పుస్తకం ఆపి, ఉన్నది ఉన్నట్టు నాకు పంపు.

ఇట్లు,
రక్కమ్మాళ్, ఎడమ బొటనవేలి గుర్తు
సాక్షులు: సెల్లాయి (పక్క ఇల్లు), కాళియమ్మాళ్ (కుళాయి ఎదుటి ఇల్లు)

కింద తమిళంలో ఇంత చిన్నగా రాస్తున్నది నేను, జోతిమణి. తిలకా, అత్తకు చెప్పకు. నాకు సగం అర్థమవుతోంది. నా పేరు ఎక్కడ వస్తోందో, అప్పుడు ఆమె గొంతు ఎట్లా మారుతోందో పూర్తిగా అర్థమవుతోంది. అయినా ఇంకా ఉత్తరాలు రాయించేట్టు నువ్వు జవాబియ్యి. ఇంట్లో ఆమె నా ఎదురుగా ఇంతసేపు కూర్చునేది ఈ రాసేటప్పుడే.


మదురై, అరప్పాళయం
ఆవణి నెల

అవ్వకు, తిలకవతి కాళ్ళకు మొక్కి రాసేది.

దొంగనే అవ్వా. కాదనను. కానీ దొంగిలించింది ఎక్కడ దాచానో చెప్తాను, విని తర్వాత తిట్టు.

ఇక్కడి మిల్లులో యంత్రాల కింద రాలే దూదిపొట్టు ఊడ్చి పారేస్తారు. దాన్ని గోనెలో తెచ్చుకుంటాను. గంజిలో నానబెట్టి, దంచి, నీళ్ళలో కలిపి, గుడ్డ కట్టిన చట్రంతో పైకి తీస్తే పలచని పొర నిలుస్తుంది. దాన్ని పెరటి గోడకు అంటిస్తాను. మధ్యాహ్నానికి ఎండి, దానంతట అదే అంచు విడిచి వంగుతుంది. ముట్టుకుంటే దూడ చెవిలా ఉంటుంది. అదే నా కాగితం. పసుపురంగు తంగేడు పూలది. నలుపు, తుప్పుపట్టిన మేకుల్ని బెల్లం నీళ్ళలో మురగబెట్టినది. నదికి పోసిన నీలం, సుంగుడి చీరలకు రంగు వేసే వీధిలో తొట్టి అడుగున మిగిలినది, అడిగితే పోస్తారు. కానుగ ఆకుకు రంగు పూసి కాగితం మీద అద్దితే ఈనెలన్నీ దిగుతాయి. ఒక్కో ఆకు అద్దుతూ పోతే నాకు తెలియకుండానే పేజీ నిండా చెట్టు లేస్తుంది.

పేజీకి ఒక్క పాదం, నువ్వు పాడినట్టే రాస్తున్నాను. మనవాళ్ళు ఇళ్ళు విడిచి దక్షిణానికి రావడం, వెనక తరుముకొచ్చే గుర్రాల దుమ్ము, ముందు పొంగిన నది. పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి చెట్లను వేడుకోవడం. అప్పుడు ఈ ఒడ్డు కానుగా ఆ ఒడ్డు కానుగా వంగి, కొమ్మకు కొమ్మ కలిపి వంతెన కావడం.

కొమ్మా కొమ్మా వంగమ్మా
కోడలు దాటే దాకా ఉండమ్మా

ఈ పాదం రాసిన రోజు కుంచె కడగడం కూడా మరిచిపోయాను. ఇక్కడ వైగైలో ఇసుకే ఉంది, అయినా కిటికీ అవతల నీళ్ళ చప్పుడు వినిపించింది. గదిలో చాప తేలుతున్నట్టు అనిపించింది. కొమ్మల మీద నడిచేవాళ్ళ కాలి అందెలు, చంకలో కోళ్ళు, తల మీద విత్తనాల కుండ, అన్నీ నా చేతి పక్క నుంచే దాటాయి. అందరూ దాటారు. చివర కొత్త కోడలు, ఇంటి పొయ్యి నిప్పును దీపంలో పెట్టుకుని రావలసినది. ఆమె కొమ్మ మీద కాలు పెట్టకముందే చెట్లు లేచి నిలబడ్డాయి. అవతలి ఒడ్డున ఆమె, ఆమె దీపం.

సరిగ్గా అక్కడ నువ్వు పాట ఆపి పిల్లల్ని బయటికి తోలేస్తావు. నేను ఎప్పుడూ ఆ వాకిట్లోనే మిగిలిపోయాను అవ్వా. పుస్తకం కూడా అక్కడే ఆగింది. చివరి పేజీ తెల్లగా ఉంది. ఆమె ఏమైంది? అదొక్కటి చెప్పు. పుస్తకం నీ కాళ్ళ దగ్గర పెడతాను.

తిలకవతి

జోతి అత్తా, ఇది పైకి చదవొద్దు. నువ్వు అర్థం చేసుకుంటున్నావని నేను చెప్పను. ఆమె తిట్లకు నొచ్చుకోకు. నన్ను పెంచినంత కాలమూ అవే తిట్లు.


సింగానల్లూరు
పురట్టాసి నెల

తిలకవతికి రక్కమ్మాళ్ చెప్పి రాయించేది.

ఉత్తరం విన్నాను. ఈ పిల్ల చదువుతుంటే మన మాట మేక రాళ్ళ మీద నడిచినట్టుంది, అయినా విన్నాను. మళ్ళీ చదవమన్నాను కూడా. అది నీకు పొగడ్త అనుకోకు.

నదికి నీలం పోశావట! పొంగిన నది నీలంగా ఉంటుందా? భవానిలో వరద వస్తే చూడలేదా నువ్వు? ఎర్రమన్ను నీళ్ళు, మధ్యలో నురగ, దాని మీద చెట్ల కొమ్మలూ చచ్చిన పాములూ. ఆ నీలం కడిగేసి ఎరుపు పోయి. కానుగ ఆకు అంతటా ఒకే పచ్చ కాదు. చిగురు రాగి రంగులో ఉంటుంది, పెళ్ళికూతురి చెవిలా మెరుస్తుంది. పూలు రాలితే కింద నేల లేత వంగపండు రంగులో, ఎవరో ఉతికిన చీర ఆరేసి మరిచిపోయినట్టు ఉంటుంది. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆ పూల మీదే నీళ్ళ కడవ దించి కూర్చునేదాన్ని. కాళ్ళకు చల్లగా ఉండేది. లేవబుద్ధి అయ్యేది కాదు. మా అత్త కేక వేస్తే గానీ లేచేదాన్ని కాదు.

ఆ అత్తే నాకు చివర చెప్పింది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. చెప్పినంతసేపూ చెయ్యి వదలకూడదు, అదీ పద్ధతి. నీ తల్లి ఒకసారి అడిగి ఏడ్చింది. కన్నకూతురు ఏడ్చినా చెప్పలేదు. నీకు చెప్తానా?

మరి ఎవరికి చెప్పాలి అంటావు. ఉంది కదా, గోవిందన్ కట్టుకొచ్చింది. దానికి చెప్పాలంటే తమిళంలో చెప్పాలి. తమిళంలో చెప్తే చెట్లు వంగుతాయా? వాటికి అర్థం కావద్దా? నా అత్త మాట, ఆమె అత్త మాట, అట్లా వెనక్కి పోతే ఆ నది దాకా ఒకటే మాట. దాన్ని విప్పి వేరే గుడ్డలో మూట కట్టడం నా చేత కాదు. నాతో పాటే మట్టిలోకి పోతుంది. పోతే పోనీ.

ఇక ఈ పిల్ల సాంబారు సంగతి విను. పప్పు ఈ ఒడ్డున, పులుసు ఆ ఒడ్డున. మధ్యలో దాటడానికి కానుగ కొమ్మే కావాలి. సెల్లాయి పక్కనే కూర్చుని నన్ను తప్పుపడుతోంది. "ఏమ్మా రక్కా, ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టిపోస్తా ఉండావే, పాపం గదా?" అంది. "దానికి తెలిస్తే గదా పాపం!" అన్నాను.

పుస్తకం పంపు.

రక్కమ్మాళ్, వేలి గుర్తు
సాక్షి: సెల్లాయి

జోతిమణి రాస్తున్నది. సాంబారు సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు రాశాను చూడు. పూల మీద కూర్చునే మాట చెప్పేటప్పుడు అత్త కళ్ళు మూసుకుంది. ఆ ముఖం నువ్వు గీయాలి తిలకా, నాకు గీయడం రాదు. 'లేవబుద్ధి' అంటే ఏమిటి? 'చిగురు' అంటే? వచ్చే ఉత్తరంలో నాకు కొన్ని మాటలు రాయి. రీలింగులో చేతులు పని చేస్తుంటాయి, నోరు ఖాళీ. అక్కడ నాలో నేను అనుకుంటూ ఉంటాను.


మదురై
ఐప్పసి నెల

అవ్వకు తిలకవతి రాసేది.

వాన వదలడం లేదు. గోడకు అంటించిన కాగితాలు ఆరడం లేదు, వాటి మీద నత్తలు నడిచి వెండి గీతలు వేశాయి. వాటిని చెరపలేదు. గుర్రాల పేజీలో ఆ గీతలే వెలుతురుగా పెట్టుకున్నాను. నది కడిగి ఎరుపు పోశాను. నువ్వు చెప్పింది నిజం. ఎరుపు పోయగానే ఆ కోడలికి భయం వేసింది. నీలం నీళ్ళ ముందు ఆమె ఊరికే అందంగా నిలబడి ఉండేది.

ఇప్పుడు నా కష్టం విను. నేను కుట్టుపని నేర్పే బడిలో సంజీవి మాస్టరు ఉన్నారు. ఎగ్జిబిషన్ ఆయనే జరిపిస్తున్నారు. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూశారు. తర్వాత, "చివరి పేజీ ఏదమ్మా? ముగింపు లేకుండా బల్ల మీద ఎట్లా పెడతాం?" అన్నారు. మన మగవాళ్ళు చెప్పేది చెప్పాను: ఆ పిల్ల నదిలో దూకింది, అమ్మవారై లేచింది అని. "అదే వెయ్యి, బాగుంటుంది" అన్నారు. వేశాను. నీళ్ళలోంచి లేచిన అమ్మవారు, తల వెనక వెలుగు. క్యాలెండర్ బొమ్మలా వచ్చింది. చూడలేక కడిగేశాను.

కానీ మళ్ళీ వేయక తప్పదు. మార్గళి లోపల నీ దగ్గర నుంచి మాట రాకపోతే ఆ బొమ్మే చివరి పేజీ అవుతుంది. నీ తర్వాత ఆ పిల్ల అట్లా దూకిందనే అందరూ అనుకుంటారు. నీకు ఇష్టమేనా? ఆమె దూకలేదని నాకెందుకో అనిపిస్తోంది. దూకి ఉంటే నువ్వు అంత గుట్టుగా దాచవు.

ఇంట్లో కోడలు ఉంది అవ్వా. మాట రాకపోతే నేర్పు. అంతే నేను అనగలిగేది.

తిలకవతి

జోతి అత్తా, ఇక్కడి నుంచి చదవొద్దు. లేవబుద్ధి అంటే లేవాలనే మనసు. చిగురు అంటే కొళుందు. ఒడ్డు అంటే కరై. నీకొక రహస్యం. గోవిందన్ మామను నేను వద్దన్నానని అవ్వ ఇంకా కోపంగా ఉంది. వద్దనమని నన్ను బతిమాలింది మామే. "రీలింగులో ఒక పిల్ల ఉండాది తిలకా. నేను వద్దంటే అమ్మ బావిలో దూకుతానంటాది. నువ్వే వద్దను" అని కారమడై రథం రోజున జాతరలో నాకు చెరుకు కొనిపెట్టి మరీ అడిగాడు. నాకూ మనసు లేదు గనక సరే అన్నాను. తిట్లు నేను పడ్డాను, చెరుకు తియ్యగానే ఉంది.


సింగానల్లూరు
కార్తీక నెల, దీపాలు పెట్టిన మర్నాడు

తిలకవతికి రక్కమ్మాళ్ చెప్పి రాయించేది.

నీకు జవాబు రాయిద్దామని కూర్చున్నాను. ఆ మాస్టరు అమ్మవారి గురించి చెప్తున్నాను. "ముఖాన పౌడరు పూసుకుని, వరదలోంచి లేచినా బొట్టు చెదరకుండా, కిరీటం వంకర పోకుండా వచ్చే అమ్మ మా అమ్మ కాదు, ఆ మాస్టరు పెళ్ళాం అయ్యుంటుంది" అని రాయమన్నాను.

రాసే పిల్ల నవ్వింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

"ఎందుకే నవ్వినావు?" అన్నాను.

"బొట్టు చెదరదు అన్నారు గదా అత్తా" అంది. మన మాటలో.

"ఎప్పట్నుంచి?"

"ఆడి నుంచే. కొంచెం కొంచెంగా."

"సాంబారు?"

"అదీ."

"మరి నోరు మూసుకుని ఎందుకు రాసినావే?"

"తెలుసు అని చెప్తే రాయించడం నిలిపేస్తారు గదా అత్తా. మీరు నాతో మాట్లాడేది ఇదొక్కటే గదా."

తిలకా, నాకు అరవడం వచ్చు. ఆ రోజు రాలేదు. సెల్లాయి అక్కడే ఉండి, "ఇప్పుడు తెలిసిందిలే పాపం" అని లేచి పోయింది.

తర్వాత ఆ పిల్ల పెట్టె తీసి నీ ఉత్తరాలన్నీ తెచ్చి, చదవొద్దన్నవన్నీ చదివింది. తాను కింద రాసినవి కూడా ఒప్పజెప్పింది. చెరుకు సంగతి వచ్చేసరికి గోవిందన్ షిఫ్టు దిగి ఇంట్లోకి అడుగుపెట్టాడు. నా ముఖం చూసి చెప్పులు విప్పకుండానే మళ్ళీ మిల్లు గేటు వైపు పోయాడు. వాణ్ణి తర్వాత చూసుకుంటాను. నిన్ను తిట్టిన తిట్లలో ఆ ఒక్కదానికి సంబంధించినవి వెనక్కి తీసుకుంటున్నాను. పాట దొంగతనానివి అట్లాగే ఉన్నాయి.

ఇక నాకు సాకు లేదు. మన మాట వినే చెవి మన ఇంట్లోనే ఉంది, ఇన్ని నెలలు దాని ఎదుటే కూర్చుని ఎవరికి చెప్పాలి ఎవరికి చెప్పాలి అని ఏడ్చాను. మధ్యాహ్నం తలుపు వేసి, పొయ్యి అంటించి, పక్కన కూర్చోమన్నాను. చెయ్యి పట్టుకున్నాను. రీలింగు దారం కోసిన గీతలు వేళ్ళ నిండా ఉన్నాయి. ఇన్నాళ్ళు ఆ చేతి అన్నం తిని ఆ చెయ్యి చూడలేదు. మా అత్త నాకు చెప్పినట్టే చెప్పాను. నడుమ నా గొంతు పోయింది. అది నా చెయ్యి వదల్లేదు, నీళ్ళ చెంబు ఎడం చేత్తోనే అందించింది.

నీకు చెప్పను. ఈ కాగితం మీద రాయించను. తపాలా సంచిలో వేస్తే ఊరి చెవిలో వేసినట్టే. నా కోడలు మదురై వస్తానంటోంది. పొమ్మన్నాను. అక్కడ చెప్తుందో మానుతుందో నన్ను అడగొద్దు. కథ ఇప్పుడు దానిది.

రక్కమ్మాళ్, వేలి గుర్తు
సాక్షి: సెల్లాయి


మదురై
మార్గళి నెల

అవ్వకు తిలకవతి రాసేది.

జోతి అత్త వచ్చింది. రైలు దిగి, ముఖం కడుక్కుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. పాదాలన్నీ పైకి చదివింది. మేక ఇప్పుడు రాళ్ళ మీద నడవడం లేదు అవ్వా, పచ్చికలో నడుస్తోంది. నది పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. నేను ఇంకా దగ్గరికి జరిగి కూర్చున్నాను, ఇప్పుడు చెప్తుందని.

"కుంచె ఇయ్యి. ఎరుపూ తంగేడు పసుపూ ఇయ్యి. నువ్వు బయట కూర్చో" అంది.

"నీకు గీయడం రాదు గదా అత్తా?"

"రాదు. పో."

చిన్నప్పుడు నువ్వు తోలినట్టే తోలేసింది. వాకిట్లో కూర్చున్నాను. మార్గళి ముగ్గుల మధ్య గుమ్మడిపూలు వాడిపోయి ఉన్నాయి. లోపల కుంచె గిన్నెకు తగిలే చప్పుడు వినిపించింది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. పిలిచాక వెళ్ళి చూస్తే చివరి కాగితం సగానికి మడిచి, మూడు వైపులా మిల్లు దారంతో కుట్టేసి ఉంది. తెగిన దారాన్ని రీలింగులో ముడివేస్తారే, ఆ ముడులు. వేలితో తడిమితే తగలవు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు.

"దీన్ని కోడలు కత్తిరించాలి. నా కోడలు. నేను కథ చెప్పినాక, చూసుకునేదానికి" అంది.

"నీకింకా కొడుకే పుట్టలేదు!" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది అవ్వా. కాగితం నేను చేశాను, రంగు నేను తీశాను, ఆ నది ఒడ్డున ఎవరికంటే ఎక్కువ కాలం నిలబడింది నేను. నా పుస్తకంలో నాకు తెలియని పేజీ!

"పుస్తకం నీదే తిలకా. ఆ కరై నీది కాదు" అంది. అని నా తలకు నూనె రాసి జడ వేసింది. కోపంగా ఉన్నవాళ్ళకు జడ వేయకూడదు, కోపం నిలవదు.

మర్నాడు సంజీవి మాస్టరు బ్లేడు తెచ్చారు. "చూడడానికి వచ్చినవాళ్ళకు కుట్టిన పేజీ చూపిస్తామా?" అన్నారు. అప్పటిదాకా ఆ పేజీ విప్పాలని నాకూ ఎంతో ఉంది. బ్లేడు దారానికి తగలబోతుంటే మాత్రం ఆయన చెయ్యి పట్టుకున్నాను. పుస్తకం తీసుకుని ఇంటికి వచ్చేశాను. అది బల్ల మీదికి పోదు. ఆయన మాట్లాడడం మానేశారు. నా పేరు ఎగ్జిబిషన్ జాబితాలోంచి కొట్టేశారు.

ఒకటి చేశాను, తిట్టు. పొద్దున్నే ఆ పేజీని కిటికీ ఎండకు ఎత్తి పట్టాను. దూదికాగితం కదా, వెలుతురు దూరుతుంది. లోపల ఎరుపు, దాని అవతల పసుపు చుక్కలు. రెండు. అవతలి ఒడ్డున మిగిలింది ఒక్క కోడలు, ఒక్క దీపం. రెండో దీపం ఎవరిది అవ్వా? దాటిపోయినవాళ్ళలోంచి ఆమె కోసం ఎవరైనా వెనక్కి వెళ్ళారా? చెట్లే లేచిపోయాక ఎట్లా వెళ్ళారు? అత్తను అడిగితే తమిళం కూడా రాని దానిలా చూసింది.

ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన గోవిందన్ మామ చేతికే పుస్తకం ఇచ్చి పంపుతున్నాను. ఆ పేజీ ఉండవలసిన ఇల్లు అదే. గదిలో ఇప్పుడు గిన్నెల్లో ఎండిన రంగు ఉంది, గోడ మీద కాగితాలు ఊడిన తెల్లని చతురస్రాలు ఉన్నాయి. పడుకుంటే అవి కదులుతున్నట్టు ఉంటాయి.

తిలకవతి


సింగానల్లూరు, మిల్లు లైను ఇళ్ళు
1957, తై నెల

రక్కమ్మాళ్, గోవిందన్ తల్లి, జోతిమణి అత్త, బుద్ధి తెలిసి చెప్పి రాయించేది.

పుస్తకం చేరింది. చేతులు కడుక్కుని, మేకను దూరంగా కట్టి, వెలుతురులో కూర్చుని చూశాను. నాకు అక్షరాల అక్కర లేకపోయింది. గుర్రాల దుమ్ము నా కళ్ళలో పడింది. కాళియమ్మాళ్ నా భుజం మీదుగా చూస్తూ, "అయ్యో, తడుస్తామేమో" అని చీర కుచ్చిళ్ళు ఎత్తుకుంది. ఎరుపు సరిగ్గా ఉంది. చిగుళ్ళు ఇంకొంచెం రాగి కావాలి. చెట్లను వేడుకునే పెద్దావిడకు నా ముక్కు పెట్టావు. ఎవరిని అడిగి పెట్టావు? లైనులో అందరూ వచ్చి ఆ ముక్కును చూసి పోతున్నారు. గోవిందన్ మాత్రం దగ్గరికి రావడం లేదు, వాడి చెరుకు లెక్క ఇంకా తేలలేదు.

నా వ్యాజ్యం ముగిసింది. ఈ పుస్తకం నా కోడలు జోతిమణి ఇంట్లో ఉంటుంది. కుట్టిన పేజీని దాని కోడలే కత్తిరిస్తుంది, మగవాడు గాని మాస్టరు గాని దారం ముట్టుకోకూడదు. చేసినది తిలకవతి అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే చెప్తున్నాను. కడుపు కట్టుకుని చేసిన పనిని బ్లేడు కింద నుంచి లాక్కొచ్చావు. నీ తల్లి ఏడ్చినప్పుడు నేను ఆమె తల నిమరలేదు. నీ తల నా కోడలు దువ్వింది, అందుకు దానికి ఈ వారమంతా సాంబారు బాగుందని చెప్పాను. బాగాలేదు.

ఎండకు ఎత్తి చూడమని ఎవరు చెప్పారే నీకు? రెండో దీపం ఎవరిదో రాయించను. కోడలికే చెప్పే కథను అత్తే ఎందుకు చెప్పాలో, చెప్పినంతసేపూ చెయ్యి ఎందుకు వదలకూడదో, అది నువ్వే ఆలోచించుకో.

ఇంకొకటి. నా కోడలు అంటోంది, పాత మాటలు చాలా ఉన్నాయట, సగం జారిపోయాయట, మళ్ళీ చెప్పమంటోంది. న్యాయమే. మాసి కొలుపు అయ్యాక, మధ్యాహ్నం అందరూ తిని వాలినప్పుడు మళ్ళీ చెప్తాను. నువ్వు రా. నీకు వంటింటి గడప పక్కన చాప వేయిస్తాను, పొయ్యికి అటువైపు. తిని పడుకుని, దుప్పటి ముఖం మీదికి లాక్కో. నేను పుట్టింట్లో ఉన్నప్పుడు మా అమ్మ మా వదినకు ఆ ఇంటి కథ చెప్పిన రోజు అట్లాగే పడుకున్నాను. కోడలి చెవికే చెప్పాలని పద్ధతి. పక్కన పడుకున్న పిల్ల నిజంగా నిద్రపోయిందా అని లేపి అడగాలని ఏ పద్ధతీ లేదు. మా అమ్మ అడగలేదు. నేనూ అడగను.

గురక మాత్రం పెట్టకు. నా గొంతు ఇదివరకటిలా లేదు.

ఇట్లు,
రక్కమ్మాళ్, ఎడమ బొటనవేలి గుర్తు
సాక్షులు: సెల్లాయి, కాళియమ్మాళ్
రాసినది: జోతిమణి